వాణిజ్య విమానయానం – రోదసి ప్రయాణం: టికెట్టు నుంచి సమ్మతిపత్రం దాకా

వ్యాససంగ్రహం:

విమానయానం నడిచిన దారిన నడిస్తే రోదసి ప్రయాణం కూడా సామాన్యులకు అందుతుందన్న వాదన అరవయ్యేళ్లుగా వినిపిస్తోంది. ఆ దారి ఎలాంటిదో, అందులో ఏ మలుపు దగ్గర ప్రయాణికుడు విమానంలో అడుగుపెట్టగలిగాడో ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది. వాణిజ్య విమానయానం రోదసి రంగానికి వాహనాలను, పైలట్లను, బహుమతి అనే ప్రోత్సాహాన్ని, టికెట్టు అనే ఊహను ఇచ్చింది. విమానయానాన్ని నిజంగా అందుబాటులోకి తెచ్చినవి మాత్రం ప్రభుత్వ తపాలా ఒప్పందాలు, ప్రయాణికుడికి చట్టం కల్పించిన రక్షణ. వీటిలో మొదటిది రోదసి రంగంలోకి వచ్చింది. రెండవది ఇంకా రాలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వాణిజ్య విమానయానం, తపాలా ఒప్పందం, వార్సా ఒడంబడిక, ఎక్స్ ప్రైజ్, రోదసి పర్యాటకం, సమ్మతిపత్రం.

1. ఉపోద్ఘాతం:

1914 జనవరి 1న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి అఖాతం ఆవలి ఒడ్డున ఉన్న టాంపాకు ఒక చిన్న నీటివిమానం బయలుదేరింది. నడిపినవాడు టోనీ జానస్. పక్కన కూర్చున్నది సెయింట్ పీటర్స్‌బర్గ్ మాజీ మేయర్ అబ్రామ్ ఫైల్. ఆ తొలి సీటును వేలం వేస్తే ఆయన 400 డాలర్లకు పాడుకున్నాడు. ప్రయాణం 23 నిమిషాల్లో ముగిసింది. వేళాపట్టిక ప్రకారం నడిచిన తొలి ప్రయాణికుల విమాన సర్వీసుగా చరిత్రకారులు దీన్నే పేర్కొంటారు.

107 ఏళ్ల తర్వాత, 2021 జూన్‌లో, బ్లూ ఆరిజిన్ సంస్థ తన న్యూ షెపర్డ్ వ్యోమనౌక తొలి మానవ ప్రయాణంలో ఒక సీటును వేలం వేసింది. అది 2.8 కోట్ల డాలర్లు పలికింది. ప్రయాణ కాలం సుమారు 10 నిమిషాలు.

రెండు వేలాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక ముచ్చటగానే ఉంటుంది. అయితే ఫ్లోరిడాలో వేలం తొలి సీటుకే. ఆ సర్వీసు మామూలు ఛార్జీ 5 డాలర్లు. విమానంలో పట్టేది పైలట్ కాక ఒక్క మనిషే అయినా, నాలుగు నెలల్లో 1,205 మంది ప్రయాణించారు. న్యూ షెపర్డ్‌కు అలాంటి ప్రకటిత ఛార్జీ ఏదీ లేదు. ఎంత చెల్లించారన్నది సంస్థకూ ప్రయాణికుడికీ మధ్య రహస్యం.

ఫ్లోరిడా సర్వీసు సైతం నిలవలేదన్నది ఈ కథలో చాలామంది విస్మరించే భాగం. స్థానిక ఆర్థిక సాయంతో మొదలైన ఆ సర్వీసు, చలికాలపు పర్యాటకులు వెనుదిరగగానే మూతపడింది. ఉత్సాహంతో వచ్చే ప్రయాణికుల ఛార్జీ మీద మాత్రమే ఆధారపడి విమాన సంస్థ బతకలేదని అక్కడే తేలిపోయింది. మరి విమానయానం ఎలా బతికింది? దీనికి జవాబు తపాలా సంచిలో దొరుకుతుంది.

2. తపాలా సంచి – ప్రయాణికుడి సీటు:

విమానంలో అధికారికంగా తపాలా మోసిన తొలి ఘటన మన దేశంలోనే జరిగింది. 1911 ఫిబ్రవరి 18న ఫ్రెంచి పైలట్ ఆన్రీ పెకె అలహాబాదు నుంచి యమునానది మీదుగా నైనీకి సుమారు 6,500 ఉత్తరాలను చేరవేశాడు. అది ప్రదర్శనలో భాగం. క్రమబద్ధమైన సేవగా అమెరికా తపాలా శాఖ 1918 మే 15న వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ నగరాల మధ్య విమాన తపాలా మొదలుపెట్టింది. ఏడేళ్ల తర్వాత, 1925 ఫిబ్రవరిలో వచ్చిన కెల్లీ చట్టం ఈ పనిని ప్రైవేటు సంస్థలకు ఒప్పందం మీద అప్పగించింది. 1926లో వాయు వాణిజ్య చట్టం పైలట్లకు లైసెన్సును, విమానాలకు యోగ్యతా పరీక్షను తప్పనిసరి చేసింది. ఈ నియంత్రణను విమాన పరిశ్రమే కోరుకుంది. ప్రమాదాల వార్తలు చదివి భయపడే జనం టికెట్టు కొనరని ఆ వ్యాపారులకు తెలుసు.

తపాలా ఒప్పందాల్లో చెల్లింపు పద్ధతి ఎలా మారిందో జాగ్రత్తగా చూడాలి. మొదట్లో సంస్థలకు తపాలా రుసుములో వాటా దక్కేది. తర్వాత బరువును బట్టి చెల్లించారు. బరువుకు డబ్బు వస్తుందంటే మనుషులు ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు. కొందరు గుత్తేదారులు తమకు తామే బరువైన పార్శిళ్లు పోస్టు చేసుకున్నారని అప్పట్లో కథలు కథలుగా చెప్పుకున్నారు. 1930లో మెక్‌నరీ–వాట్రెస్ చట్టం ఈ లెక్కను తిరగరాసింది. ఎంత తపాలా మోశారన్న లెక్క పోయి, తపాలాకు విమానంలో ఎంత చోటు కేటాయించారన్నది లెక్కలోకి వచ్చింది. ఉత్తరాలు నిండినా నిండకపోయినా ఆ చోటుకు డబ్బు వస్తుంది. కాబట్టి పెద్ద విమానం కొన్న సంస్థకు లాభం. పెద్ద విమానంలో తపాలా పోగా మిగిలిన చోట సీట్లు వేయవచ్చు. నాటి పోస్ట్‌మాస్టర్ జనరల్ వాల్టర్ బ్రౌన్ ఉద్దేశం కూడా అదే. ఈ ఒప్పందాల పంపకంలో పక్షపాతం ఉందన్న ఆరోపణలు 1934లో పెద్ద దుమారం రేపి, ఒప్పందాల రద్దుకు దారితీశాయి. అయినా అప్పటికే విమాన నిర్మాణం దిశ మారిపోయింది. 1936లో సర్వీసులోకి వచ్చిన 21 సీట్ల డీసీ–3, తపాలా ఆదాయం అక్కరలేకుండా ప్రయాణికుల ఛార్జీలతోనే లాభం చూపగల తొలి విమానంగా పేరు పొందింది.

భారతదేశంలోనూ వరుస ఇదే. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి పస్ మాత్ విమానం నడిపినప్పుడు అందులో ఉన్నది తపాలా మాత్రమే. బొంబాయి నుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు ఆ సంచులను నెవిల్ విన్సెంట్ చేర్చాడు. ప్రయాణికులు తర్వాత వచ్చారు. 1945లో బేగంపేట కేంద్రంగా దక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడే నాటికి, అందులో నిజాం రాష్ట్ర రైల్వే భాగస్వామి కావడం ఎవరికీ వింతగా తోచలేదు. రైలుకు టికెట్టు ఇచ్చే సంస్థ విమానానికీ ఇవ్వగలదన్నమాట.

3. టికెట్టు అనే కాగితం:

టికెట్టు కేవలం రసీదు కాదు. 1929 అక్టోబరు 12న సంతకాలైన వార్సా ఒడంబడిక దాన్ని చట్టబద్ధమైన పత్రంగా మార్చింది. అంతర్జాతీయ ప్రయాణంలో విమాన సంస్థ ప్రయాణికుడికి టికెట్టు ఇవ్వాలి. ప్రయాణికుడు మరణించినా గాయపడినా సంస్థ బాధ్యత వహించాలి. తాను అవసరమైన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని నిరూపించుకోవలసిన భారం కూడా సంస్థదే. బదులుగా నష్టపరిహారానికి 1,25,000 ఫ్రాంకుల పరిమితి విధించారు. టికెట్టు ఇవ్వకుండా ప్రయాణికుణ్ని ఎక్కించుకున్న సంస్థకు ఆ పరిమితి వర్తించదు. బాధ్యతను తప్పించే షరతు ఏదైనా ఒప్పందంలో రాసుకుంటే అది చెల్లదు.

ఈ చివరి నిబంధన అసాధారణమైనది. విమానాలు తరచుగా కూలుతున్న రోజులవి. అయినా ప్రయాణికుడి చేత నా ప్రాణానికి నేనే పూచీ అని రాయించుకునే హక్కును ప్రపంచ దేశాలు విమాన సంస్థలకు నిరాకరించాయి. పరిహారం పరిమితి తక్కువన్న విమర్శ మొదటినుంచీ ఉంది. 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక దాన్ని చాలావరకు సవరించింది. మన దేశంలో వార్సా సూత్రాలు 1934లోనే వాయు రవాణా చట్టంగా వచ్చాయి. కరాచీ తపాలా విమానం ఎగిరి అప్పటికి రెండేళ్లే. సాధారణ విమాన ప్రయాణికుడన్నవాడు దేశంలో ఇంకా అరుదుగా ఉన్న రోజుల్లోనే అతడి కోసం చట్టం సిద్ధమైంది.

ధరల సంగతి చెప్పాలంటే, 1952లో అట్లాంటిక్ మార్గంలో టూరిస్టు తరగతి వచ్చింది. 1958లో బోయింగ్ 707 న్యూయార్క్–పారిస్ మధ్య ఎగిరింది. ఆ ఏటికే ఆ మహాసముద్రాన్ని ఓడల్లో కంటే విమానాల్లో దాటినవారు ఎక్కువయ్యారు. చౌకదనం ఇలా చివరి అంకంలో వచ్చింది. అంతకుముందు మూడు దశాబ్దాల తపాలా ఆదాయం, నియంత్రణ, బాధ్యత దానికి నేల చదును చేసిపెట్టాయి.

4. చంద్రుడికి రిజర్వేషన్:

జెట్ యుగపు ఆత్మవిశ్వాసానికి పరాకాష్ఠ పాన్ యామ్ సంస్థ ‘చంద్రయాత్రల క్లబ్బు’. 1964లో ఆస్ట్రియా పాత్రికేయుడొకరు వియన్నాలోని ఒక ట్రావెల్ ఏజెన్సీకి వెళ్లి చంద్రుడికి టికెట్టు కావాలని అడిగాడు. ఏజెన్సీ ఆ కోరికను పాన్ యామ్‌కు పంపింది. సంస్థ కాదనలేదు. 1968 డిసెంబరులో అపోలో–8 చంద్రుణ్ని చుట్టి వచ్చాక దరఖాస్తులు వెల్లువెత్తాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో విడుదలైన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ చిత్రంలో రోదసి కేంద్రానికి వెళ్లే నౌక మీద పాన్ యామ్ చిహ్నమే కనిపిస్తుంది. 1971లో జాబితా మూసేనాటికి సుమారు 93,000 మంది పేర్లు నమోదయ్యాయి. వారికి వరుస సంఖ్యతో ఉచితంగా ఒక కార్డు అందింది. ఛార్జీ ఎంతో, బయలుదేరేది ఎన్నడో కార్డు చెప్పలేదు. 1991 డిసెంబరులో పాన్ యామ్ సంస్థే మూతపడింది.

దీన్ని ప్రచార తంత్రమని కొట్టిపారేయడం తేలిక. 93,000 మంది దాన్ని ఎందుకు నమ్మారన్నది అంతకంటే విలువైన ప్రశ్న. ఫ్లోరిడాలో ఒక్క సీటుతో మొదలైన వ్యాపారం 1970 జనవరిలో లండన్‌కు ఎగిరిన బోయింగ్ 747 దాకా రావడాన్ని ఒకే తరం తన కళ్లతో చూసింది. ఆ తరానికి చంద్రుడు తర్వాతి స్టేషన్‌గా కనిపించడంలో అమాయకత్వం ఏమీ లేదు. ఆ నమ్మకం ప్రభుత్వ ప్రణాళికల్లోకీ ప్రవేశించింది. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఆమోదించిన స్పేస్ షటిల్, విమానంలా మళ్లీమళ్లీ ఎగిరి ఖర్చు తగ్గిస్తుందని చెప్పారు. 1977లో ‘ఎంటర్‌ప్రైజ్’ షటిల్‌ను గాలిలోకి మోసుకెళ్లి పరీక్ష కోసం వదిలింది కూడా అంతకుముందు అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారి ప్రయాణికులను మోసిన 747 విమానమే.

షటిల్ అత్యధికంగా ఎగిరిన సంవత్సరం 1985. ఆ ఏడు తొమ్మిది ప్రయాణాలు జరిగాయి. మరుసటి ఏడాది జనవరి 28న ఛాలెంజర్ పేలిపోయి, ఉపాధ్యాయురాలు క్రిస్టా మెకాలిఫ్‌తో సహా ఏడుగురు మరణించారు. సామాన్య పౌరులను షటిల్‌లో పంపే ఆలోచన అక్కడితో ఆగిపోయింది. 1981 నుంచి 2011 దాకా షటిల్ మొత్తం ప్రయాణాలు 135. రద్దీగల విమానాశ్రయంలో ఒక్క ఉదయం పూట అంతకు మించి విమానాలు లేస్తాయి.

5. లిండ్‌బర్గ్ నీడలో ఎక్స్ ప్రైజ్:

1919లో న్యూయార్క్ హోటల్ యజమాని రేమండ్ ఒర్టెగ్, న్యూయార్క్–పారిస్ మధ్య ఆగకుండా ఎగిరినవారికి 25,000 డాలర్లు ప్రకటించాడు. 1927 మే నెలలో చార్లెస్ లిండ్‌బర్గ్ 33 గంటలకు పైగా ఒంటరిగా ఎగిరి ఆ బహుమతి గెలిచాడు. ఆయన స్వయంగా రాసిన ఆ యాత్రా గ్రంథాన్ని చదివిన పీటర్ డయామండిస్, రోదసికి కూడా అలాంటి బహుమతి ఉండాలని తలచాడు. 1996 మే నెలలో, లిండ్‌బర్గ్‌కు ఆర్థికంగా తోడ్పడిన సెయింట్ లూయిస్ నగరంలోనే కోటి డాలర్ల ఎక్స్ ప్రైజ్‌ను ప్రకటించాడు. ప్రభుత్వ సాయం లేకుండా నిర్మించిన నౌక, ముగ్గురు మనుషులు పట్టే చోటుతో 100 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, రెండు వారాల్లోపు మళ్లీ వెళ్లాలన్నది షరతు. ఏడు దేశాల నుంచి 26 బృందాలు పోటీకి దిగాయి.

గెలిచిన నౌక స్పేస్‌షిప్‌వన్. రూపశిల్పి బర్ట్ రూటన్, పెట్టుబడి పెట్టింది పాల్ ఆలెన్. వైట్ నైట్ అనే మాతృవిమానం దాన్ని సుమారు 15 కిలోమీటర్ల ఎత్తుకు మోసుకెళ్లి వదిలేది. అక్కడ రాకెట్ ఇంజిను వెలిగేది. 2004 సెప్టెంబరు 29న మైక్ మెల్విల్, అక్టోబరు 4న బ్రయన్ బిన్నీ దాన్ని 100 కిలోమీటర్లు దాటించారు. వెనక సీట్లలో మనుషులు లేరు, వారి బరువుకు సమానమైన సామగ్రి ఉంది. తర్వాత ఆ నౌకను వాషింగ్టన్ మ్యూజియంలో లిండ్‌బర్గ్ విమానం పక్కనే వేలాడదీశారు.

ఈ పోలికలో ఒక లోపముంది. లిండ్‌బర్గ్ గెలిచిన తర్వాత అమెరికాలో విమాన ప్రయాణికుల సంఖ్య అమాంతం పెరిగిన మాట వాస్తవం. 1926లో సుమారు 6,000 ఉన్నది 1929 నాటికి 1,70,000 దాటింది. కానీ లిండ్‌బర్గ్ ఎవరు? కెల్లీ చట్టం కింద సెయింట్ లూయిస్–షికాగో మార్గంలో తపాలా మోసిన పైలట్. ఆయన పారిస్‌లో దిగే నాటికి తపాలా ఒప్పందాలు నడుస్తున్నాయి, లైసెన్సుల చట్టం వచ్చి ఏడాదైంది. ఎండుగడ్డి వామి అప్పటికే పేర్చి ఉంది, నిప్పురవ్వ ఆయన తెచ్చాడు. 2004లో రవ్వ పడింది గాని వామి లేదు.

ఫలితం వర్జిన్ గెలాక్టిక్ చరిత్రలో కనిపిస్తుంది. విమాన సంస్థ యజమాని రిచర్డ్ బ్రాన్సన్ స్పేస్‌షిప్‌వన్ సాంకేతికతను తీసుకుని, 2,00,000 డాలర్ల టికెట్టుతో మూడు నాలుగేళ్లలో ప్రయాణాలని ప్రకటించాడు. వందలమంది ముందుగానే డబ్బు కట్టారు. 2014 అక్టోబరు 31న పరీక్షా ప్రయాణంలో నౌక గాలిలో విచ్ఛిన్నమై సహపైలట్ మైఖేల్ ఆల్స్‌బరీ మరణించాడు. డబ్బు కట్టినవారి కోసం వాణిజ్య ప్రయాణాలు 2023 జూన్‌లో గాని మొదలుకాలేదు. ఏడు ప్రయాణాలు చేసి, 2024 జూన్‌లో ‘యూనిటీ’ నౌక విశ్రాంతి తీసుకుంది. ఈలోగా టికెట్టు ధర 4,50,000 డాలర్లు దాటింది. విమానయానంలో కాలం గడిచేకొద్దీ ఛార్జీ తగ్గింది, ఇక్కడ పెరిగింది.

6. విమానం ఎంతవరకు మోయగలదు?

సాంకేతికంగా కూడా విమానం చేయగల సాయానికి హద్దు ఉంది. భూకక్ష్యలో నిలవాలంటే గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగం కావాలి. ప్రయాణికుల విమానం ఇవ్వగలిగింది సుమారు 900. అంటే అవసరమైన వేగంలో మూడు శాతం. ఎయిర్ కెనడా నుంచి కొన్న ట్రైస్టార్ విమానం నుంచి పెగాసస్ రాకెట్లను ప్రయోగించారు. వర్జిన్ అట్లాంటిక్ వాడిన 747 నుంచి వర్జిన్ ఆర్బిట్ ఉపగ్రహాలను పంపింది. మొదటిది చవక కాలేదు. రెండవది 2023లో దివాలా తీసింది. విమానం రెక్క కింద రాకెట్‌ను వేలాడదీసినంత మాత్రాన రాకెట్ విమానం కాలేకపోయింది.

అసలైన వారసత్వం మరోచోట, పెద్దగా ఆర్భాటం లేకుండా సాగింది. 2006లో నాసా, అంతర్జాతీయ రోదసి కేంద్రానికి సరుకు చేర్చే నౌకలను ప్రైవేటు సంస్థల చేత తయారు చేయించే పథకం మొదలుపెట్టింది. 2008 డిసెంబరులో స్పేస్‌ఎక్స్‌కు 12 ప్రయాణాలకు 160 కోట్ల డాలర్లు, ఆర్బిటల్ సైన్సెస్‌కు 8 ప్రయాణాలకు 190 కోట్ల డాలర్ల ఒప్పందాలు ఇచ్చింది. నౌక ప్రభుత్వానిది కాదు. ప్రభుత్వం కొన్నది చేరవేత. ఇది తపాలా సంచి పద్ధతే. 2012లో డ్రాగన్ సరుకుతో కేంద్రాన్ని చేరింది. 2015 డిసెంబరులో ఫాల్కన్–9 తొలి దశ నేలకు తిరిగి దిగింది, 2017 మార్చిలో వాడిన దశ మళ్లీ ఎగిరింది. 2020 మే 30న అదే వంశానికి చెందిన నౌక ఇద్దరు వ్యోమగాములను మోసింది. 2021 సెప్టెంబరులో ప్రభుత్వ వ్యోమగామి ఒక్కరూ లేకుండా నలుగురు పౌరులు మూడు రోజులపాటు కక్ష్యలో తిరిగివచ్చారు. సరుకు, ఉద్యోగులు, ఆపై టికెట్టుదారులు: 1925 తర్వాతి విమానయాన క్రమం ఇక్కడ దాదాపు అదే వరుసలో పునరావృతమైంది. ఎక్స్ ప్రైజ్‌కు దక్కిన కీర్తిలో పదోవంతు కూడా ఈ సరుకు ఒప్పందాలకు దక్కకపోవడం చరిత్ర రచనలో తరచూ జరిగే అన్యాయమే.

7. సమ్మతిపత్రం:

ఇక మిగిలింది మూడవ అధ్యాయంలోని కాగితం. స్పేస్‌షిప్‌వన్ గెలిచిన రెండున్నర నెలలకే, 2004 డిసెంబరు 23న, అమెరికా వాణిజ్య ప్రయోగాల చట్టానికి సవరణ వచ్చింది. డబ్బు కట్టి రోదసికి వెళ్లే మనిషిని ఆ చట్టం ప్రయాణికుడు అనలేదు. ‘రోదసి ప్రయాణంలో పాల్గొనే వ్యక్తి’ అన్నది. ఈ నౌక సురక్షితమని ప్రభుత్వం ధ్రువీకరించలేదని సంస్థ అతడికి రాతపూర్వకంగా చెప్పాలి. తెలిసే వెళుతున్నానని అతడు సంతకం చేయాలి. నౌకలోని మనుషుల భద్రత కోసం నియమాలు చేయకుండా విమానయాన నియంత్రణ సంస్థను ఎనిమిదేళ్లపాటు కట్టడి చేశారు. మరణం గాని తీవ్రగాయం గాని సంభవించినప్పుడు, లేదా అంతటి ముప్పు ఎదురైనప్పుడు మాత్రమే మినహాయింపు. ఈ గడువుకు ‘నేర్చుకునే కాలం’ అని పేరు వచ్చింది. 2015లో చేసిన మరో చట్టం, అలా వెళ్లేవారు పరస్పర దావాలను వదులుకోవాలని కూడా చేర్చింది. వర్జీనియా, ఫ్లోరిడా, న్యూ మెక్సికో వంటి రాష్ట్రాలు సంస్థలకు బాధ్యత నుంచి రక్షణ కల్పించే చట్టాలు తెచ్చుకున్నాయి.

వార్సాలో చెల్లదన్న షరతు ఇక్కడ తప్పనిసరి అయింది. టికెట్టు సంస్థను బంధించేది. సమ్మతిపత్రం ప్రయాణికుణ్ని బంధిస్తుంది.

దీన్ని సమర్థించేవారి వాదన బలహీనమైనదేమీ కాదు. రైట్ సోదరులు ఎగిరిన 1903 నుంచి వాయు వాణిజ్య చట్టం వచ్చిన 1926 దాకా విమానయానం నియమాలు లేకుండానే ఎదిగింది, అనుభవం లేనిచోట నియమం రాస్తే అది తప్పుడు నియమమవుతుంది అని వారంటారు. మొదటి మాట నిజం. అయితే ఆ 23 ఏళ్లలో విమానాలు లెక్కలేనన్నిసార్లు ఎగిరాయి, కూలాయి. ఒక మహాయుద్ధాన్ని చూశాయి. డబ్బు కట్టి రోదసికి వెళ్లినవారు నేటికీ వందల లెక్కలోనే ఉన్నారు. ‘నేర్చుకునే కాలం’ గడువు మాత్రం పదేపదే పెరుగుతూ వచ్చింది. 2024లో చేసిన చట్టం ప్రకారం అది 2028 జనవరి 1 దాకా ఉంది. 2004 నుంచి లెక్కిస్తే ఇదీ 23 ఏళ్లే.

ఒక చిన్న విశేషాన్ని ఇక్కడ ప్రస్తావించాలి. వాణిజ్య రోదసి ప్రయాణాలను చూసే కార్యాలయం 1984లో రవాణా శాఖలో పుట్టి, 1995లో విమానయాన నియంత్రణ సంస్థలోకి మారింది. విమాన భద్రతకు ప్రపంచమంతా ప్రమాణంగా భావించే ఇంట్లోనే, పక్క గదిలో, ప్రయాణికుడి భద్రత గురించి నియమం రాయకూడదన్న ఆంక్ష ఉంది.

8. తెలుగు పేర్లు, తెలుగు మాటలు:

ఈ చట్టపు విభజనలు తెలుగువారికి దూరపు సంగతులు కావు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన శిరీష బండ్ల 2021 జులై 11న యూనిటీ నౌకలో వెళ్లినప్పుడు ఆమె వర్జిన్ గెలాక్టిక్ ఉద్యోగిని. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారి మొక్కల ప్రయోగం ఆమె చేతిలో ఉంది. తండ్రి తరఫున తెలంగాణ మూలాలున్న రాజా చారి అదే ఏడాది నవంబరులో స్పేస్‌ఎక్స్ నౌకకు నాయకుడిగా వెళ్లాడు. ఆయన ప్రభుత్వ వ్యోమగామి. విజయవాడలో పుట్టిన పైలట్ గోపీచంద్ తోటకూర 2024 మే 19న న్యూ షెపర్డ్‌లో వెళ్లాడు. ఆయన పర్యాటకుడు. సిబ్బంది, ప్రభుత్వ వ్యోమగామి, పాల్గొనే వ్యక్తి అని అమెరికా చట్టం మనుషులను మూడు తరగతులుగా విడదీస్తుంది. తరగతిని బట్టి బాధ్యతలూ హక్కులూ మారతాయి. మన పత్రికల శీర్షికల్లో ‘వ్యోమగామి’, ‘అంతరిక్ష యాత్రికుడు’ అన్న మాటలు ఒకదాని స్థానంలో మరొకటి వస్తుంటాయి. ‘ప్రయాణికుడు’ అన్న మాట అరుదు. చట్టం వాడిన మాటకైతే తెలుగులో చోటే లేదు. తెలుగులో పోటీలో పాల్గొంటారు, సభలో పాల్గొంటారు. బస్సులో ఎవరూ పాల్గొనరు.

విమానాన్ని తెలంగాణ పల్లెలు ‘గాలిమోటారు’ అన్నాయి. విమానమంటే శాస్త్రానికి గర్భగుడి మీది గోపురం, పురాణానికి పుష్పకం. మోటారు అంటే ఊరి రోడ్డు మీద ఆగేది, కండక్టరు టికెట్టు కొట్టేది. ఎక్కినా ఎక్కకపోయినా, అది మనుషులు ఎక్కే బండి అని జనం గుర్తించిన మాట అది. వ్యోమనౌకకు అలాంటి జనం మాట ఇంకా పుట్టలేదు.

భారతదేశంలో రోదసి రంగం ప్రస్తుతం సరుకు దశలో ఉంది. హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్–ఎస్‌ను ప్రయోగించింది. 2023 నాటి అంతరిక్ష విధానం ప్రైవేటు సంస్థలకు ఈ రంగంలో అన్ని దశల్లోనూ తలుపులు తెరిచింది. విధానం చట్టం కాదు. అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదాను 2017లోనే ప్రజాభిప్రాయం కోసం విడుదల చేశారు, అది చట్టరూపం దాల్చలేదు. విమానాల విషయంలో తపాలా ఎగిరిన 1932కూ, ప్రయాణికుడి చట్టం వచ్చిన 1934కూ మధ్య గడిచింది రెండేళ్లు.